వానల అడవికి ఎండల కత్తి

ఆ రోజుల్లో మా వైపు అడవి అనే మాటకు అర్థం చాలా చిన్నది. పొద్దున మేకలు పోయి సాయంత్రం తిరిగి వచ్చే చోటే అడవి. ఒక గుట్ట, ఆ గుట్ట చుట్టూ ముళ్ళ సర్కారు కంప, నడుమ నడుమ నాలుగు తంగేడు పొదలు, గట్టిగా వెతికితే ఒక రేగు చెట్టు. (మావాళ్ళు చెంబు పట్టుకుని "అడవికి పోయొస్తా" అంటే దానికి ఇంకో అర్థం ఉండేది. అది మీకు తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను.) అలాంటి ఊళ్ళో పుట్టి, అనంతపురంలో వృక్షశాస్త్రం చదివి, వానల అడవి బొమ్మను పరీక్షలో ఐదు రకాల ఆకుపచ్చ పెన్సిళ్ళతో గీసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. రెండు పెద్ద చెట్ల కొమ్మలు ఒకదాన్నొకటి తాకడం మాత్రం అప్పటికి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు కళ్యాణదుర్గం దగ్గర ఒక బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. అడవుల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు "మేడం, కత్తి సంగతి చెప్పండి" అని గొడవ చేస్తారు. పాఠం తప్పించుకోవాలని వాళ్ళ ఆశ, చెప్పుకోవాలని నా ఆశ. ఇద్దరికీ లాభమే.

నాకు ఇరవై రెండేళ్ళు నిండిన ఏడాది, పడమటి కనుమల్లో చెట్లూ మొక్కలూ లెక్కపెట్టే ఒక సర్వేకు సహాయకులు కావాలన్న ప్రకటన చూసి, ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. వానాకాలం నాలుగు నెలలూ అడవిలోనే ఉండాలి. రాదులే అనుకున్న ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాన్ని అందరూ వింటుండగా అర్థం చెబుతూ చదివాను. వెంట తెచ్చుకోవలసిన సామాను పట్టీ కూడా అందులోనే ఉంది. వాన కోటు, జలగలు ఎక్కకుండా మోకాళ్ళ దాకా వచ్చే గుడ్డ మేజోళ్ళు, తడవని సంచి, టార్చిలైటు, ఇంకా ఏవేవో. ఏడోది, దట్టమైన అడవిలో దారి చేసుకోవడానికి తగిన కత్తి ఒకటి. అన్నిటికీ కింద ఒక హెచ్చరిక: సామాను మొదటి రోజే పరీక్షిస్తాం, పనికిరాని సామానుతో వచ్చినవాళ్ళను వెనక్కి పంపిస్తాం. నాలుగు నెలలు వానలో నానబోయే ఆడపిల్ల వాన కోటు గురించి మా ఇంట్లో ఒక్కరూ నోరెత్తలేదు. (మా ఊళ్ళో గొడుగు కొనడమంటే, ఎప్పుడూ రాని చుట్టానికి మంచం వాల్చి పెట్టడమే.) అందరి ప్రాణమూ ఏడో నంబరు మీదికే పోయింది.

నాయన ప్రాణం మాత్రం ఇంకోచోట ఉంది. నన్ను బి.ఇడి.లో చేర్పించడానికి ఆయన అప్పటికే కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాడు. శెనక్కాయ చేన్లో జీవితమంతా ఎండిన మనిషి ఆయన. కూతురు నీడ పట్టున కూర్చుని చేసే పనిలో ఉండాలని ఆయన కోరిక. అది నాకు తెలుసు. తెలిసీ దరఖాస్తు పెట్టాను కాబట్టే ఆయన మొహం చూడలేక ఉత్తరాన్ని మూడోసారి మడతపెడుతూ కూర్చున్నాను.

"కత్తి నేను చూస్తా," అన్నాడు చివరికి. "ఆ కత్తితో నా కండ్ల ముందర కంప కొట్టి చూపియ్యి. కొట్టినావంటే పో. వాండ్లు గాని నిన్ను వెనక్కి పంపించినారంటే మళ్ళా అడవి మాట ఎత్తొద్దు. నేరుగా పోయి బి.ఇడి.లో చేరాల. సరేనా?"

"సరే నాయనా," అన్నాను. ఆ వయసులో 'సరే' అనడానికి ఆలోచనతో పని లేదు.

మొదటి కత్తి మా అవ్వది. అవ్వ అంటే నాయన తల్లి. వంటింట్లోంచి తన కత్తిపీటను రెండు చేతులా ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది. "ఇది కొండబోవే. వంకాయ మొదులుకొని పొట్టేలు తలకాయ దాంకా ఇన్నేండ్లల్లో దేన్నీ కాదనలా," అంది. "అవ్వా, దాని మీద కాలు పెట్టి కూచోని కొయ్యాల కదా, అడవిలో చెట్టు నా దగ్గరికి వస్తాదా?" అని అడిగాను. "కూచో. నిదానంగా కొయ్యి. నిన్ను ఎవురన్నా తరుముకొస్తాండారా?" అని కోప్పడింది. నిజం చెప్పాలంటే ఆ అడవికి సంబంధించి నాకు అందిన సలహాల్లో తెలివైనది అదేనని తర్వాత తేలింది. కానీ అప్పుడు అందరం నవ్వాం.

రెండోది మా మామది. అమ్మకు తమ్ముడు, లారీ డ్రైవరు, ఊళ్ళు తిరిగినవాడు కాబట్టి లోకమంతా తనకే తెలుసునని ఆయన నమ్మకం, మాక్కూడా కొంత నమ్మకం. బెంగుళూరులో కొన్న వేలెడంత ఎర్ర కత్తి ఒకటి జేబులోంచి తీశాడు. అందులోంచి కత్తెర వస్తుంది, స్క్రూలు విప్పేది వస్తుంది, సీసా మూత తీసేది వస్తుంది, పళ్ళు కుట్టుకునే పుల్ల వస్తుంది, చిట్టచివరికి బతిమాలితే కత్తి కూడా వస్తుంది. ఎవరో ఒక తెల్లాయన అలాంటి దానితోనే అడవిలో ఇల్లు కట్టి, పురుగులు కాల్చుకు తింటున్న వీడియో కూడా ఫోనులో చూపించాడు. "ఈ ఒగటి ఉంటే చాలు పాపా, అడవిలో సంసారమే చేయొచ్చు," అన్నాడు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమప్పా, దీన్ని చూస్తే చెట్టు భయపడి అదే పడిపోతాదా?" అన్నాడు. మామ ఉక్రోషంగా కత్తెర లాగబోయి గోరు విరగ్గొట్టుకున్నాడు. ఆ కత్తి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, అరికాల్లో ముల్లు దిగినప్పుడు దానికి పని పడుతుంది. ఇవి కాక వేటకొడవలి అని ఎవరో అనబోతే నాయన అక్కడే ఆపేశాడు. "మన పక్క ఆడబిడ్డ వేటకొడవలి ఎత్తుకొని బస్సెక్కిందంటే అడవికి పోదు, పేపర్లోకి పోతాది."

చివరికి అందరం కలిసి కొలిమి తాత దగ్గరికి పోయాం. ఊరి చివర కొలిమి ఆయనది. ఆయన చేసిన గొడ్డలి విరిగిందని మా చుట్టుపక్కల ఎవరూ అనగా వినలేదు. "ఏం కొట్టాల?" అన్నాడు. "అడవి తాతా," అన్నాను. "అడవంటే? మానా, కంపా? పచ్చిదా, ఎండుదా?" నేను చదువుకున్నదాన్ని కదా, పుస్తకంలో ఉన్నదంతా ఒప్పజెప్పాను. తాటిచెట్టును మించిన ఎత్తు చెట్లు, వాటి మీద తీగలు, తీగల మీద మళ్ళీ వేరే మొక్కలు, వాటి మీద నాచు. తాత తిత్తి ఊదడం ఆపి, "ఒగదాని మీద ఒగటా? ఆడ చోటుకు అంత కరువా?" అని జాలిపడ్డాడు. కాసేపు ఆలోచించి, "ముండ్లు ఉంటాయా?" అన్నాడు. ఉంటాయన్నాను. "అట్లయితే కంపే. ఇంకేమీ చెప్పొద్దు," అన్నాడు. ఆ విధంగా పడమటి కనుమల అడవి మొత్తం మా కొలిమి దగ్గర సర్కారు కంపగా ఖాయమైపోయింది.

మామ లారీలో విరిగిన కమానుపట్టీ (చక్రాల మీద బరువు మోసే ఉక్కు బద్ద) ముక్కతో తాత ఆ కత్తిని చేశాడు. నా మోచేతి నుంచి వేలి కొసల దాకా పొడవు, వీపు వైపు వేలంత మందం, కొస మాత్రం కంపను లోపలినుంచి లాగడానికి చిలక ముక్కులాగా వంపు. తుమ్మ చెక్క పిడి, చెయ్యి జారకుండా దాని మీద సైకిలు ట్యూబు చుట్టు. ఎత్తాలంటే నేను ఎత్తాలి గాని, దిగడం అది సొంతంగా దిగుతుంది. తాత దాన్ని నా చేతికి ఇవ్వలేదు, నేల మీద పెట్టాడు. మా వైపు కత్తిని చేతికి చేతికి ఇచ్చుకోరు, ఇచ్చుకుంటే ఆ ఇద్దరికీ పడదంటారు. ఒకరు కింద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. నేను వంగి తీసుకున్నాను. పుస్తకాలు తప్ప ఏదీ మోయని చెయ్యి భుజం దాకా లాగింది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం మాత్రం డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఇక నాయన పరీక్ష. ఆయన ఎంచుకున్నది మా చేని తూర్పు గట్టు. మూడేళ్ళుగా రేపు కొడతా, ఎల్లుండి కొడతా అంటూ ఆయనే వదిలేసిన కంప అది. ఎడమ చేతిలో పంగలకర్ర, అంటే కొసన రెండుగా చీలిన పొడుగు కర్ర. దాంతో కంపను మెడ పట్టుకున్నట్టు నొక్కిపెట్టాలి. కుడి చేతిలో కత్తి. కింద మొదలు దగ్గర ఒకే దెబ్బ, తర్వాత కత్తి ముక్కుతో తగిలించి ఇవతలికి లాగడం. "మొగానికి దూరం! కంపను నమ్మొద్దు, అది చచ్చినంక గూడా కరుస్తాది!" అని నాయన గట్టు మీదనుంచి కేకలు. మధ్యాహ్నానికి గట్టు తేలింది, నా రెండు చేతులూ జల్లెడలయ్యాయి. "బాగానే ఉండాది. కాని ఇది ఎండు కంప. రేపు పచ్చి కంప కొట్టి చూపియ్యి," అన్నాడు. మర్నాడు పడమటి గట్టు. ఆ మర్నాడు ఏటవాలు నేల అని ఇంకో గట్టు. నాలుగో గట్టు అవుతుండగా అటుగా వచ్చిన కొలిమి తాత, "ఏమప్పా, పాప అడవికి పోతాందా, నీ చేను బాగయితాందా?" అని అడిగాడు. నాయన నవ్వు దాచుకోవడానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం "పోయిరా" అన్నాడు.

కళ్యాణదుర్గం బస్టాండులో నన్ను బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, కత్తి ఎక్కడ పెట్టావని మూడుసార్లు అడిగి నాయన వెళ్ళిపోయాడు. కర్ణాటక సరిహద్దు దగ్గర బస్సు ఆపి సంచులు వెతుకుతున్నారు. మీసాలున్న ఒక కానిస్టేబులు నా సంచి మీద చెయ్యి వేసి, లోపల తగిలినదాన్ని తడిమి చూసి, నా మొహంలోకి చూశాడు. "ఎవురి మీదకి పోతాండావమ్మా?" అన్నాడు మెల్లగా, పెద్దమనిషి తరహాలో. "చెట్ల మీదకి సార్," అన్నాను. కిందకు దించి, ఉత్తరం చదివించుకున్నాడు. కత్తి తియ్యమన్నాడు. తీశాను, ఆయన చెయ్యి చాపలేదు. నేనూ ఇవ్వలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాక, "కింద పెట్టమ్మా," అన్నాడు. మనవాడేనని ప్రాణం కుదుటపడింది. ఆయన దాన్ని తీసుకుని, గాల్లో రెండుసార్లు ఊపి, బొటనవేలి గోటి మీద పదును చూసి, "కమానుదా? పని బాగుండాది. కాని పిడి ఇంగో రెండించులు పొడుగుండాల," అన్నాడు. కండక్టరు దిగి వచ్చి పిడి సరిగానే ఉందన్నాడు. ముందు సీట్లో ముసలాయన కిటికీలోంచే ముక్కు వంపు ఎక్కువైందన్నాడు. బస్సు కదిలేసరికి అరగంట పట్టింది. దొంగ సారా ఏమైనా ఉంటే ఆ అరగంటలో నిమ్మళంగా దాటిపోయి ఉంటుంది.

అడవికి చేరిన రోజు గురించి నేను రాస్తే నమ్మరు. ఆకాశానికి చిల్లు పడిందని మనం ఊరికే అంటుంటాం, అక్కడ నిజంగానే పడి ఉంది, ఎవరూ మూయలేదు. మొదటి గంట నేను వానలో నోరు తెరుచుకుని నిలబడి నవ్వుతూనే ఉన్నాను. రెండో గంటకు నా వాన కోటు (సంతలో కొన్న పసుపు రంగుది) భుజం దగ్గర చిరిగింది. మూడో గంటకు సర్వే సారు సామాను చూడటానికి వచ్చాడు. బక్కపలచటి మనిషి, కళ్ళద్దాల మీద ఎప్పుడూ నీటి చుక్కలు, మాట తక్కువ, మాట్లాడితే కన్నడం. మా ఊళ్ళో సగం కన్నడమే కాబట్టి ఆ బాధ లేదు. కత్తి చూపించమని చెయ్యి చాపాడు. నేను అలవాటు కొద్దీ రెండు చేతులా కత్తిని ఆయన పాదాల దగ్గర పెట్టి వెనక్కి జరిగాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. దండం పెడుతున్నానో, లొంగిపోతున్నానో ఆయనకు తెలియలేదు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేక వాన వైపు తిరిగారు.

సారు కత్తిని ఎత్తి, బరువుకు కనుబొమలు కూడా ఎత్తి, ఎదురుగా వేలాడుతున్న పచ్చి తీగను కొట్టమన్నాడు. నాలుగు గట్లు కొట్టిన చెయ్యి నాది. నాయన నేర్పిన దెబ్బ ఒక్కటి వేశాను. మా కంపకు పౌరుషం ఎక్కువ, దెబ్బ పడితే తెగుతుంది. ఆ తీగ మర్యాదస్తురాలు. దెబ్బతో పాటు మెత్తగా వెనక్కి పోయి, అంతే మెత్తగా తిరిగి వచ్చి నా చెంప మీద చెళ్ళుమనిపించింది. రెండోసారీ అంతే. మూడోసారి నేనే కూర్చుండిపోయాను. పక్కవాళ్ళ కత్తులు చూస్తే పలచగా, పొడుగ్గా, రేకు ముక్కల్లా ఉన్నాయి. వాటిని ఊరికే మణికట్టు తిప్పితే చాలు, తీగ రెండు ముక్కలు. సారు అద్దాలు తుడుచుకుని, "పది రోజులు చూస్తాను. అందరి వెనక ఆకులు ఒత్తే కాగితాల కట్ట మోస్తూ నడువు. పదో రోజుకీ దారి చెయ్యడం రాకపోతే కిందికి పంపించేస్తాను," అన్నాడు. కోపంగా అని ఉంటే ఏడ్చేదాన్ని. జాలిగా అన్నాడు, అందుకని ఏడవలేక, బి.ఇడి. పుస్తకాలు కళ్ళ ముందు వరసగా కనబడుతుంటే కట్ట నెత్తికెత్తుకున్నాను.

మూడో రోజు పొద్దున కత్తి తీస్తే ఎర్రగా ఉంది. ఏదో జంతువు నెత్తురేమోనని నేను పెట్టిన కేకకు అందరూ లేచి వచ్చారు. మాకు దారి చూపించే అజ్జ (కన్నడంలో తాత అని), ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన ముసలాయన, వేలితో రాసి చూసి, "తుప్పమ్మా, తుప్పు," అన్నాడు. తుప్పు! వృక్షశాస్త్ర పట్టభద్రురాలు, లోకం చుట్టిన మామ, విరగని గొడ్డళ్ళు చేసే కొలిమి తాత, పిడి కొలత చెప్పిన కానిస్టేబులు, ఇంతమందిలో ఒక్కరికి కూడా తుప్పు అనే మాట తట్టలేదు. ఎలా తడుతుంది? మా ఊళ్ళో మా జేజినాయన (నాయనకు నాయన) కాలం నాటి గడ్డపార ఇప్పటికీ చేని గట్టున పడి ఉంది, తుప్పు పట్టడానికి దానికి నీళ్ళేవి? పదునెక్కడ ఉందో, బరువెంత ఉందో, ముక్కెటు వంగిందో చూసుకున్నాం గాని, కత్తి తడుస్తుందని అనుకోలేదు. అజ్జ ఇసకతో తోమి, కొబ్బరినూనె రాయడం నేర్పించాడు. "ఎండ పడి పెరిగిన కత్తి ఇది. పాపం, దానికిక్కడ ఊపిరాడటం లేదు," అన్నాడు. నా సంగతి అంటున్నాడేమో అనిపించింది.

రోజులు దగ్గర పడుతున్నాయి. తొమ్మిదో రోజు దాకా నా కత్తి తెంపింది ఒక అరటిగెల, అదీ క్యాంపులో. పదో రోజు పొద్దున సర్వే గీత (చెట్లు లెక్కపెడుతూ మేం నేరుగా నడవాల్సిన దారి) మీద పేము పొద అడ్డం వచ్చింది. బడిలో మన అరచేతులు చూసిన బెత్తం ఈ పేముదే. కొట్టడం అనే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. కాండమంతా ముళ్ళు, ఆకుల కొసల నుంచి కొరడాల్లా వేలాడే తీగలు, వాటికి వెనక్కి తిరిగిన కొక్కేల్లాంటి ముళ్ళు. అజ్జ చూడగానే చుట్టూ తిరిగి పోదాం, అరపూట పడుతుందన్నాడు. సర్వే గీత తిన్నగా పోవాలి, వంకర పోతే లెక్క చెడుతుందని సారు ఒప్పుకోలేదు. తానే ముందుకు రెండడుగులు వేశాడు. అంతే. ఒక తీగ టోపీ తీసుకుంది, ఇంకోటి కాలరు పట్టుకుంది, మూడోది చెవి వెనక తగులుకుంది. వదిలించుకోవడానికి తిరిగితే ఇంకో నాలుగు వచ్చాయి. మా ఊళ్ళో కంపలో ఇరుక్కున్న మేక అచ్చంగా ఇలాగే చేస్తుంది. నాకు ఉద్యోగం, పరీక్ష, కన్నడం అన్నీ మరుపున పడ్డాయి. "గమ్మునుండు! కదిలినావంటే తోలు ఊడుతాది!" అని తెలుగులో ఒక్క అరుపు అరిచాను. సారుకు తెలుగు రాదు. అయినా కొయ్యలా నిలబడిపోయాడు. మేకలకు కూడా తెలుగు రాదు కదా.

పంగలకర్ర కోసం చుట్టూ చూసి, చీలిన కొమ్మ ఒకటి అజ్జ చేత కొట్టించుకున్నాను. ఎడమ చేత్తో తీగను నొక్కిపెట్టి, కుడి చేత్తో కత్తి ముక్కు తగిలించి లాగాను. వచ్చింది! కింద మొదలు దగ్గర ఒక్క దెబ్బ వేశాను. తెగింది! పది రోజుల తర్వాత ఆ కత్తి చేతిలో బతికినట్టయింది. వాళ్ళ పలచటి కత్తులు పేము కాండం మీద జారిపోతున్న చోట నాది దిగిపోతోంది. సారును విడిపించి పక్కన నిలబెట్టి, పొద మొత్తం పట్టుకున్నాను. మొహానికి దూరం, కంపను నమ్మొద్దు, అది చచ్చాక కూడా కరుస్తుంది, అని నాకు నేనే కేకలు వేసుకుంటూ మధ్యాహ్నానికి మనిషి పట్టే దారి చేశాను. అజ్జ ఆ దారిలో అటు చివరిదాకా నడిచి వెనక్కి వచ్చి, "ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు. "మా నాయన చేన్లో," అని చెప్పాను. సారు కత్తి చూడాలని చెయ్యి చాపబోయి, ఆగి, నేల వైపు చూపించాడు. నేను కింద పెట్టాను, ఆయన వంగి తీసుకున్నాడు. చాలాసేపు చూసి, "నువ్వు ఉండు," అన్నాడు. "ఇదీ ఉండనీ."

ఆ సాయంత్రం సిగ్నలు దొరికే కొండ మీదికి ఎక్కి, నాయనకు ఫోను చేసి పేము పొద సంగతి వివరంగా చెప్పాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. చెప్పనిది మాత్రం చాలా ఉంది. ఏమిటంటే, ఆ సర్వే గీత మీద మళ్ళీ పేము పొద రానే లేదు. మర్నాడే అజ్జ తన దగ్గరున్న పలచటి కత్తి ఒకటి నాకిచ్చాడు, మణికట్టు తిప్పడం నేర్పించాడు. మిగతా రోజులన్నీ నేను దారి చేసింది దానితోనే. నిదానంగా, తొందర లేకుండా, దాదాపు అవ్వ చెప్పినట్టే. మరి కమాను కత్తి? కోసుకొచ్చిన ఆకుల్ని కాగితాల మధ్య పెట్టి నొక్కాలి కదా, వాటి మీద బరువుకు పెట్టేవాళ్ళం. అంతకంటే బాగా ఒత్తిన ఆకులు ఆ సర్వేలో ఎవరివీ లేవని సారే మెచ్చుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత ఊళ్ళో దిగేసరికి నా కత్తి నాకంటే పెద్దదైపోయింది. ఫోనులో నేను చెప్పిన ఒక్క పొద ఊరు తిరిగి తిరిగి ఒక కొండంత అయింది. కొలిమి తాత దగ్గర అలాంటివే మరో ఆరు కత్తులు చేయించుకుని వాటిని అడవి కత్తులని పిలుస్తున్నారు. కమాను నా లారీదేనని మామ ప్రతి టీకొట్టులోనూ చెబుతున్నాడు. అందరికీ అవుననే చెప్పాను. ఏనుగులొచ్చాయా అంటే, వచ్చాయన్నాను. కత్తి చూసి పోయాయా అంటే, దానికి మాత్రం నవ్వి ఊరుకున్నాను.

పొద్దు వాలాక, ఇంట్లో జనం పలచబడ్డాక, నాయన కత్తిని గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత తోమినా పోని తుప్పు మచ్చల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడుముతున్నాడు. తర్వాత పదును చూశాడు. రైతు కదా, పని చేసిన పనిముట్టు ఏదో, చెయ్యనిది ఏదో చూస్తే తెలిసిపోతుంది. నాలుగు గట్ల మీద నిలబడి నన్ను సిద్ధం చేసిన మనిషి ఎంచిన కత్తి అది. పనికిరాలేదని నా నోటితో ఎలా చెప్పను?

"నిజం చెప్పు పాపా," అన్నాడు. "ఇది ఎన్ని దినాలు పనికొచ్చింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

"ఒక్క దినం నాయనా. అంతే. మిగతా దినాలు కాయితాల మీద బరువు పెట్టినా."

"ఆ ఒక్క దినం రాకపోయింటే?"

"ఆ పొద్దే నన్ను ఇంటికి పంపించేసుందురు."

నాయన కత్తిని ఒడిలో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. నేను భయపడి దగ్గరికి జరిగేసరికి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.

"నాలుగు నెలలకు ఒక్క దినం! అదిగూడా సరిగ్గా కావాల్సిన దినమే వచ్చింది," అన్నాడు. "మన ఊరి వాన కంటే మేలు గదమ్మే!"

ఆయనతో పాటు నేనూ నవ్వాను, వంటింట్లోంచి అవ్వ వచ్చి ఏమైందని కోప్పడేదాకా నవ్వాం. మరుసటి ఏడాది ఎవరూ చెప్పకుండానే పోయి బి.ఇడి.లో చేరాను. అడవి చూసేశాక దాని గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది, అంతే. జలగలకూ జ్వరానికీ ఏడవని ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆ సాయంత్రం మాత్రం నాయన నవ్వు చూస్తూ కళ్ళు తుడుచుకుంది. కంట్లో తుప్పు పడిందని చెప్పింది. నాయన నమ్మినట్టే తలూపాడు.